బెజవాడ సింగ్‌నగర్లో మా పిన్ని టైలరింగ్ షాపు మళ్లీ లేపుతున్నాం: ప్రాజెక్టు డైరీ

2024 సెప్టెంబర్, నీళ్లు దిగాక

ముందు ఏం మిగిలిందో రాసిపెడుతున్నా, తర్వాతైతే గుర్తుండదు. మిషన్లు నాలుగు. ఒకటి నల్లబాడీ తొక్కుడు మిషను, ఐరన్ స్టాండు మీద ఉండేది, పిన్ని చేతిలో పాతికేళ్లు దాటింది. రెండోది కూడా అదే రకం, కాకపోతే చిన్న మోటారు తగిలించాం. మూడోది చీర అంచులు కుట్టే పీకో మిషను. నాలుగోది పెద్ద పవర్ మిషను, సర్వో మోటారుది, కొని రెండేళ్లు కూడా కాలేదు. ఇవి కాక కటింగ్ బల్ల, ఇస్త్రీ పెట్టె, లైనింగ్ తానులు, దారం కోన్లు, హుక్కుల డబ్బాలు, కొలతల పుస్తకం, ఇంకా కస్టమర్లు ఇచ్చిపోయిన బట్టలు. అన్నీ బుడమేరు నీళ్లలో నానినయ్యే.

సెప్టెంబర్ 1 ఆదివారం మా ఊరికి ఏం జరిగిందో ఇక్కడోళ్లకి చెప్పక్కర్లేదు, బయటోళ్ల కోసం చెప్తున్నా. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు, వరదొస్తే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర్నుంచి డైవర్షన్ కాలవలోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు. ఈసారి ఆ కాలవ గట్టుకే గండ్లు పడ్డాయి, అటు చూస్తే కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇక నీళ్లు ఎటు పోతాయి, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మీదకే వచ్చాయి. మా పిన్ని వాళ్ల సందులో ఛాతీ దాకా నిలబడ్డాయి. వచ్చి పోయిన నీళ్లయితే వేరు, ఇవి వారం పైన కదలకుండా ఉన్నాయి, అదీ అసలు సమస్య. ఇనుము ఒక పూట తడిస్తే తుడిచి ఆయిల్ పెడితే సరిపోద్ది, వారం బురదలో కూర్చుంటే లోపల ప్రతి కీలూ పట్టేసిద్ది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశా, పటమటలో ఉంటాం, ఉద్యోగం బెంజిసర్కిల్ దగ్గర. ఆదివారాలు, సెలవులు ఈ పనికే అనుకున్నా. పిన్ని, ఆమె కూతురు అంటే నా చెల్లి, ట్రాక్టర్ మీద బయటికొచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. నీళ్లు దిగాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగిపోయాయి, ఆ తర్వాతే మేం లోపలికెళ్లాం.

లోపలికెళ్లాక నేను మిషన్ల వైపు పోతుంటే పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది.

"మిషన్లు మనయ్యే, ఎక్కడికీ పోవు. ముందు జనాల బట్టలు లెక్క తేల్చాలి."

"అవి ఎలాగూ పోయాయి గదా పిన్నీ, మిషన్లు ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే అవీ పోతాయి."

"సరే అయితే నువ్వు మిషన్లు చూడు, నేను బట్టలు చూస్తా. కానీ షాపు తలుపు తీసేది మాత్రం బట్టల లెక్క అయ్యాకే."

అలా పని రెండు ముక్కలైంది, డైరీ కూడా అలాగే రాస్తా.

బట్టల లెక్క

అసలు ఈ డైరీ మొదలుపెట్టింది మిషన్ల కోసమే అయినా నాకు ఎక్కువ రాయాలనిపించేది ఈ భాగమే.

వినాయక చవితికి, దసరాకి ముందు కదా, షాపు నిండా ఆర్డర్లే. కుట్టేసినవి, కత్తిరించి పక్కన పెట్టినవి, ఇంకా ముట్టుకోనివి, ఫాల్ కుట్టడానికి ఇచ్చిన పట్టుచీరలు, ఆది కోసం ఇచ్చిన పాత జాకెట్లు. వారం తడిసిన బట్ట బూజు పట్టేసిద్ది, ఒకదాని రంగు ఇంకోదానికి ఎక్కిద్ది, జరీ నల్లబడిపోద్ది. పిన్ని అన్నీ బయటికి తెచ్చి మంచినీళ్లలో విడివిడిగా నానబెట్టింది. రుద్దకూడదంట, పిండకూడదంట, బురద దానంతట అదే కిందికి దిగాలి, నీళ్లు మారుస్తా ఉండాలి, ఆరేసేది నీడలోనే. కాటన్ జాకెట్లు చాలా వరకు దక్కాయి. పట్టులో కొన్ని డ్రైక్లీనింగ్‌కి పంపిస్తే ఫర్వాలేదన్నట్టు వచ్చాయి. కొన్ని పూర్తిగా పోయాయి.

కొలతల పుస్తకం గురించి ఒక మాట, టైలరింగ్ చేసే ఎవరికైనా పనికొచ్చిద్ది. జెల్ పెన్నుతో రాసిన పేజీలు మొత్తం నీలం మరకై పోయాయి, బాల్ పెన్నుతో రాసినవి మాత్రం చక్కగా కనపడుతున్నాయి. పేజీకీ పేజీకీ మధ్య పాత పేపర్లు పెట్టి, పైన ఇటుకలు పెట్టి ఆరబెట్టాం. చెల్లి ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసింది. ఇప్పుడు షాపులో జెల్ పెన్ను అనేదే ఉండదు.

పోయిన బట్టలెవరివో పిన్ని ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కళ్ల ఇంటికీ తనే వెళ్లింది. ఫోన్ చేసి చెప్పొచ్చు గదా అంటే వినలేదు. నేను కొన్నిళ్లకి వెంట వెళ్లా. ఆమె మాట్లాడే పద్ధతి ఒకటే, ముందు వస్తువు ఏమైందో చెప్తది, తర్వాత తను ఏం చెయ్యగలదో చెప్తది, మధ్యలో తన కష్టం గురించి ఒక్క ముక్క ఉండదు. "అమ్మా మీ పచ్చ పట్టు జాకెట్ గుడ్డ పోయింది. దాని విలువ ఒక్కసారే ఇవ్వలేను, సగం ఇప్పుడిస్తా, మిగతాది మీకు కుట్టు కింద తీరుస్తా." అంతే.

చాలామంది డబ్బులొద్దన్నారు. వాళ్లిళ్లూ మునిగినయ్యే కదా. ఒకావిడ మాత్రం గట్టిగా అరిచింది, కూతురి పెళ్లిచీర మీది జాకెట్ అది, ముహూర్తం కార్తీకంలో ఉంది, ఆమె బాధ ఆమెది. పిన్ని మొత్తం విని, అదే రంగు గుడ్డ కోసం వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ అంతా తిరిగి, దొరికిన దాంట్లో దగ్గరి రంగు తెచ్చి చూపించి, నచ్చాకే కట్ చేస్తానని చెప్పి వచ్చింది. ఆమె తర్వాత ఒప్పుకుంది. ఇంకో ఇంట్లో పెద్దావిడ, కట్టుకోడానికి రెండు చీరలు తప్ప ఏం మిగల్లేదు, "డబ్బులేం చేసుకుంటా తల్లీ, ఒక జాకెట్ కుట్టి పెట్టు చాలు" అంది. పిన్ని ఆ రాత్రే మా ఇంట్లో మా అమ్మ మిషను మీద కూర్చుని కుట్టింది. కొత్త లెక్కలో మొదటి జాకెట్ అదే.

కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25,000 అకౌంట్‌లో పడ్డాక అందులోంచి ముందు తీసింది కూడా బట్టల బాకీకే. ఇంట్లో అందరం అడ్డం చెప్పాం, గ్యాస్ స్టవ్ లేదు, పరుపుల్లేవు, ముందు అవి చూసుకోమని. "స్టవ్ లేకపోతే మీ ఇంట్లో తింటా, నమ్మకం పోతే ఎవరింట్లో తినాలి" అంది. ఎవరం మళ్లీ మాట్లాడలేదు.

అక్టోబర్, నల్ల మిషన్లు

బురదలో మునిగిన మిషను దొరగ్గానే అందరూ చేసే పని చక్రం తిప్పి చూడటం. అది చెయ్యకూడదు. లోపల సన్న ఇసక ఉంటది, చక్రం తిప్పితే అది గరుకు కాగితంతో రుద్దినట్టు షాఫ్టుల్ని కోసేసిద్ది. ముందు మంచినీళ్లతో బాగా కడగాలి, అవును, మళ్లీ నీళ్లతోనే, బురద ఎండి గట్టిపడితే ఇంకా కష్టం. కడిగి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు విప్పాలి.

వన్‌టౌన్‌లో ఒక పెద్ద మిస్త్రీ ఉన్నాడు, పిన్నికి ఎప్పట్నుంచో తెలిసిన మనిషి, మేమంతా తాతా అంటాం. వరద తర్వాత ఆయన దగ్గర మిషన్లు గోడ వారన వరసగా పేర్చి ఉన్నాయి, నంబర్ రావాలంటే నెల పట్టుద్ది. అందుకని ఆయన దగ్గర కూర్చుని చూసి నేర్చుకుని ఇంటికొచ్చి మేమే చేశాం. ఫేస్ ప్లేట్, నీడిల్ ప్లేటు, పళ్లు, షటిల్, బాబిన్ కేసు, టెన్షన్ బిళ్లలు, ఒక్కోటీ తీస్తా ఫోటో కొట్టి, తీసిన వరసలోనే పాత గుడ్డ మీద పేర్చా. కిరసనాయిలు ఇప్పుడు దొరకట్లేదు కాబట్టి డీజిల్ తెచ్చాం, చిన్న భాగాలన్నీ రాత్రంతా అందులో నానబెట్టి, తెల్లారి ఇత్తడి బ్రష్షుతో రుద్దాం. బాడీలో ఆయిల్ పోసే రంధ్రాలు ఉంటాయి కదా, అన్నీ బురదతో మూసుకుపోయాయి, సన్న తీగతో పొడిచి తీశాం. డీజిల్‌తో పని చేసేటప్పుడు వరండాలో బయట కూర్చోవాలి, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు.

మెయిన్ షాఫ్టు ఎంతకీ కదల్లేదు. నేను బలంగా తిప్పబోతే తాత వద్దన్నాడు, డీజిల్ పోసి ఒక రోజు వదిలేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టమన్నాడు. అలా చేస్తే వెంట్రుక వాసి కదిలింది. ఆ వెంట్రుక వాసి వచ్చిందంటే మిగతాది టైము పనే. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, నూనె పోస్తా. సాయంత్రానికి పూర్తిగా తిరిగింది, పిన్ని లేచొచ్చి చక్రం మీద చెయ్యేసి కళ్లు మూసుకుని వింది, "ఇంకా ఒక చోట గీరుకుంటుంది, షటిల్ దగ్గర" అంది. నిజంగానే షటిల్ కొన మీద తుప్పు గుంటలు పడ్డాయి, దారం అక్కడ పట్టుకుంటుంది. షటిల్ కొత్తది వేశాం, అది పెద్ద ఖర్చేం కాదు. పోసేది మాత్రం కుట్టుమిషను ఆయిలే, కొబ్బరి నూనె, బండి ఆయిల్ పోస్తే కొన్నాళ్లకి జిగురై మళ్లీ పట్టేసిద్ది.

ట్రయల్ కుట్టు వేస్తే కింద వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వచ్చింది. కింద ఉచ్చులొస్తే తప్పు పైదారం టెన్షన్‌లో ఉన్నట్టు, బిళ్లల మధ్య తుప్పు పొర ఉండి దారాన్ని సరిగ్గా నొక్కట్లేదు. సన్న ఎమరీ పేపర్‌తో నున్నగా చేశాక కుట్టు శుభ్రంగా పడింది.

ఈ తొక్కుడు మిషను గురించి చెప్పాలి. ఇది తాతయ్య, అంటే మా అమ్మా పిన్నీ వాళ్ల నాన్న, పెళ్లికి కొనిచ్చింది. బిల్లు మీద పిన్ని పేరే రాయించాడు. బాబాయ్ పోయినప్పుడు చెల్లి ఇంకా బడికి కూడా పోవట్లేదు, అప్పటికి షాపులో ఇంకో మూడు మిషన్లుండేవి, అన్నీ పిన్ని కష్టమే, కానీ బిల్లులు బాబాయ్ పేరు మీద, షాపు అగ్రిమెంటు కూడా ఆయన పేరు మీదే. అత్తారి వైపు వాళ్లు అన్నీ తీసుకెళ్లిపోయారు, ఇదొక్కటే మిగిలింది. అప్పట్నుంచి సూది కొన్నా సరే తన పేరుతో బిల్లు అడుగుద్ది. ఆ బిల్లులన్నీ ఒక రేకు డబ్బాలో అటక మీద ఉంటాయి, వరద వాటిని ముట్టుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, డిసెంబర్లో పనికొస్తుంది.

స్టాండు ఇనుమే కాబట్టి తుప్పు గీకి రంగేశాం. పైన చెక్క మాత్రం ఉబ్బి పొరలు పొరలుగా లేచింది, కొత్తది చేయించాం. తోలు బెల్టు మార్చాం.

దసరా నవరాత్రులు అయిపోయే లోపు తొక్కుడు మిషను పనిలోకి వచ్చింది. కొండ మీద అమ్మవారి దర్శనానికి జనం పోతా ఉంటే పిన్ని మా ఇంటి వరండాలో కుడతా ఉంది.

నవంబర్, మోటార్లు

ఇది నా పని కాబట్టి నాకు ఇష్టమైన భాగం. నీళ్లలో మునిగిన ఏ మోటారునైనా ఆరిందనుకుని ప్లగ్గులో పెట్టొద్దు, పైకి ఆరినా వైండింగ్ లోపల, అంటే రాగి తీగ చుట్టల్లో, తేమ ఉంటది. నేను విప్పి, బురద కడిగి, కార్బన్ బ్రష్షులు తీసేసి, ఎండలో పెట్టి, తర్వాత ఒక అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు వెలిగించి దాని పక్కన ఉంచా. పెట్టెకి పైన బెజ్జాలు పెట్టాలి, తేమ బయటికి పోడానికి, మనిషి దగ్గర లేనప్పుడు వెలిగించి వదలకూడదు. వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటరు, మెగ్గర్‌తో చూస్తే మొదట ఒక మెగోమ్ కూడా రాలేదు. అలా ఉన్నప్పుడు కరెంటు ఇస్తే మోటారన్నా కాలుద్ది, మనిషికన్నా షాక్ కొట్టుద్ది. ఆరేకొద్దీ రీడింగ్ పెరిగింది, బాగా పైకొచ్చాక వార్నిష్ పూసి కొత్త బ్రష్షులేశా. చిన్న మోటారు తిరిగింది. పీకో మోటారు వైండింగ్ పోయింది, అది ఆటోనగర్లో రీవైండింగ్‌కి ఇచ్చాం.

పెద్ద మిషను సంగతి వేరు. తలకాయ కింద ఆయిల్ తొట్టి ఉంటది, అందులో నూనె బదులు బురద. అది కడిగేస్తే హెడ్డు బాగానే ఉంది. కంట్రోల్ బాక్సులో బోర్డు మాత్రం పచ్చగా తుప్పు పట్టింది, దానికి ఇక మందు లేదు. ఎవరో సెకండ్‌హ్యాండ్ క్లచ్ మోటారు చౌకగా ఇస్తామన్నారు. అది ఆన్‌లో ఉన్నంతసేపూ తిరుగుతానే ఉంటది, కుట్టినా కుట్టకపోయినా కరెంటు లాగుద్ది, మోత కూడా ఎక్కువ. సర్వో అయితే పెడల్ తొక్కినప్పుడే తిరుగుద్ది. ఆగి సర్వోనే కొందామని నిర్ణయం. దానికి లోను కావాలి.

ధైర్యం గురించి

మధ్యలో ఇది రాస్తున్నా. చూడటానికొచ్చిన ప్రతి ఒక్కళ్లూ పిన్నితో ఒకటే మాట, "నీకు గుండె ధైర్యం ఎక్కువమ్మా, ఇంకొకళ్లయితే ఏమైపోయేవాళ్లో". ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట చాలదనిపిస్తుంది. బాబాయ్ పోయినప్పుడు ఇదే అన్నారు. 2020లో లాక్‌డౌన్ పెట్టి, వన్‌టౌన్ షాపు అద్దె నెలనెలా మీద పడి, ఖాళీ చెయ్యాల్సొచ్చినప్పుడూ ఇదే అన్నారు. చీటీలు కట్టించుకున్నామె రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి పోయినప్పుడు కూడా ఇదే. ధైర్యం అని ఒక్క ముక్కలో అనేస్తే ఆమె చేసిన పని కనపడకుండా పోద్ది.

ఏం చేసింది? లాక్‌డౌన్లో ఇంట్లోంచే డ్వాక్రా గ్రూపు ద్వారా మాస్కులు కుట్టింది, అప్పుడు రాష్ట్రంలో మనిషికి 3 చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని పెట్టుకున్నారు, ఆ పనంతా పొదుపు సంఘాల ఆడవాళ్లే చేశారు. ఆ డబ్బుతో అద్దె బాకీ తీర్చి, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ తీసుకుని సింగ్‌నగర్లో చిన్న గది పట్టింది. చీటీ డబ్బులు పోయాక, ఇక రిజిస్టర్ కాని చీటీలో రూపాయి పెట్టనని, గ్రూపు పొదుపూ పోస్టాఫీసు ఆర్‌డీ తప్ప ఇంకోటి పెట్టుకోలేదు. ప్రతిసారీ కిందపడ్డాక లేచే ముందు ఒక రూలు రాసుకున్నట్టు ఉంటది ఆమె లెక్క. బిల్లు నా పేరు మీద ఉండాలి. అద్దె నెల ముందే పక్కన తీసి పెట్టాలి. చీటీలొద్దు. ఏడ్చింది కూడా, చాలాసార్లు, చెల్లి నిద్రపోయాక మా అమ్మ ఒళ్లో తల పెట్టుకుని. తెల్లారి లేచి కత్తెర పట్టుకునేది. ఎవర్నన్నా సాయం అడగాలంటే సిగ్గుపడదు, ఏం కావాలో, ఎప్పుడు తిరిగిస్తదో రెండూ ఒకేసారి చెప్పేసిద్ది. ఇవన్నీ నేర్చుకోదగ్గ పనులు, నేను నేర్చుకుంటున్నా, అందుకే రాస్తున్నా.

డిసెంబర్, 2025 ఫిబ్రవరి దాకా, లోను

బ్యాంకులో అప్లికేషన్ తిరిగొచ్చింది. కారణం అడిగితే క్రెడిట్ రిపోర్టులో పాత లోన్ ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తుందన్నారు. ముద్ర లోన్ పిన్ని వరదకి ముందే మొత్తం కట్టేసింది. వరదలో ఇంత పోయిన మనిషి, బాకీ మొత్తం తీర్చిన మనిషి, కంప్యూటర్లో ఇంకా అప్పుల్లో ఉన్నట్టు ఉంది, నాకైతే ఆ రోజు చాలా కోపమొచ్చింది. పిన్ని ఇంటికొచ్చి రేకు డబ్బా దించింది. అందులో బాకీ ఏం లేదని బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ సర్టిఫికెట్ ఉంది.

ఎవరికైనా పనికొచ్చిద్దని వివరంగా చెప్తున్నా. పూర్తి క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఫ్రీగా తీసుకోవచ్చు. తప్పుంటే ఆ రిపోర్టు ఇచ్చే క్రెడిట్ బ్యూరో సైట్లోనే డిస్ప్యూట్ పెట్టొచ్చు, 30 రోజుల్లో సరిచెయ్యాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలు, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మేం సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టాం, బ్రాంచిలో కూడా రాతపూర్వకంగా ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం. గడువు లోపలే సరిచేశారు.

ఈలోపు పీఎం విశ్వకర్మకి అప్లై చేయించా. 2023 సెప్టెంబర్లో మొదలైన స్కీమ్, 18 రకాల చేతిపనుల్లో టైలర్లు కూడా ఉన్నారు. కుటుంబంలో ఒక్కళ్లకే ఇస్తారు. ముద్ర లాంటి లోన్ గత ఐదేళ్లలో తీసుకుని ఉంటే కుదరదు, కానీ మొత్తం కట్టేసినవాళ్లకి అవకాశం ఉంది, అందుకే ఆ నో డ్యూస్ కాగితం ఇక్కడ కూడా అవసరమైంది. ట్రైనింగ్‌కి రోజుకి 500 ఇస్తారు, పనిముట్లకి 15,000, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి, తాకట్టు లేకుండా మొదట లక్ష దాకా లోన్, అది 18 నెలల్లో కట్టాలి. ఇన్నేళ్లు కుట్టినదానికి ఇప్పుడేం నేర్పుతారని పక్కింటావిడ అంటే పిన్ని, "నేర్పేదాకా తెలీదు కదా" అని వెళ్లింది, యూపీఐ లెక్కలు, ఆన్‌లైన్లో ఆర్డర్లు తీసుకోవడం నేర్చుకుని వచ్చింది. ఇప్పుడు క్యూఆర్ కోడ్ కూడా తన అకౌంట్‌దే.

వేసవి, షాపు ఎత్తు పెంచడం

లోను వచ్చింది, సర్వో కిట్ వచ్చింది, పెద్ద మిషను తిరిగింది. దానికన్నా ముఖ్యమైన పని ఇది. బుడమేరు 2005లో కూడా ముంచింది, కాబట్టి మళ్లీ రాదని ఎవరూ అనుకోకూడదు. వేరే ఏరియాకి మారిపోదామని నేనన్నా. పిన్ని కస్టమర్లంతా ఇక్కడే, అద్దెలు కూడా ఇక్కడే అందుబాటులో ఉంటాయి, చెల్లి కాలేజీ దగ్గర. అందుకని ఇక్కడే ఉంటాం, కానీ నీళ్లొస్తే పోయేది తక్కువ ఉండేలా చేద్దామనుకున్నాం.

గోడ మీద నీళ్ల మరక ఇంకా ఉంది, సున్నం వేసేటప్పుడు పిన్ని అక్కడ పెన్సిల్‌తో గీత గీయించింది. షాపులో ప్రతి నిర్ణయం ఆ గీతని చూసి తీసుకున్నదే. స్విచ్ బోర్డులు, సాకెట్లు అన్నీ గీత పైకి జరిపా, వైరింగ్ కింద నుంచి కాకుండా పైనుంచి దించా, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టా. ఆ పైన గోడకి ఐరన్ యాంగిల్స్ కొట్టి గట్టి అర ఒకటి కట్టించాం. నల్ల మిషన్ల హెడ్డు వెనక రెండు మడత బందులకి మరలుంటాయి, అవి వదులు చేస్తే హెడ్డు బల్ల నుంచి విడిగా వచ్చేసిద్ది, పది పన్నెండు కేజీలు, ఇద్దరు ఆడవాళ్లు సులువుగా పైన పెట్టొచ్చు. పెద్ద మిషను బరువు కాబట్టి దానికి పైన దూలానికి చిన్న చెయిన్ పుల్లీ. చెల్లీ పిన్నీ ఇద్దరే, నేను లేకుండా, మొత్తం ఎత్తి చూపించారు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాం, కస్టమర్ల బట్టలు ఏ రోజువి ఆ రోజు అందులోకి పోవాలి, డబ్బా మీద పేరు, ఫోన్ నంబర్.

ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నాం. చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని 2021 ఏప్రిల్ నుంచి ఉంది, వరద కూడా అందులోకి వస్తుంది. మిషన్లు, సరుకు మాత్రమే కాకుండా కస్టమర్ల బట్టలు కూడా కవర్ అయ్యేలా విడిగా అడిగి పాలసీలో రాయించాం. పిన్ని ఆ లైన్ దగ్గర వేలు పెట్టి నాచేత తెలుగులో చదివించుకున్నాకే సంతకం పెట్టింది.

అక్టోబర్ 2025, మొంథా

తుపాను మచిలీపట్నం, కళింగపట్నం మధ్య కాకినాడ దగ్గర తీరం దాటుతుందని రెండ్రోజుల ముందు నుంచే చెప్తున్నారు. అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర దాటింది. బెజవాడలో వాన, గాలి. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే పిన్ని, "నువ్వు రావాకు, రోడ్ల మీద చెట్లు పడతన్నాయంట, మేం ఎత్తేశాం" అంది. వీడియో కాల్‌లో చూపించింది, హెడ్లు నాలుగూ పైన, డబ్బాలు పైన, మెయిన్ ఆఫ్, రేకు డబ్బా చెల్లి బ్యాగులో. సందులో చీలమండ దాకా నీళ్లు నిలిచి పొద్దుటికి పోయాయి, షాపు గడప దాటలేదు. అయినా ఆ రాత్రి పిన్ని నిద్రపోలేదంట, వాన చప్పుడు పెరిగినప్పుడల్లా లేచి కూర్చుందంట. అది ఏ అర కట్టినా పోయేది కాదేమో, నాకు తెలీదు, దానికి మా అమ్మ వెళ్లి నాలుగు రోజులు తోడుంది.

మర్నాడు అన్నీ దించి మళ్లీ బిగించేటప్పుడు ఒక లోపం దొరికింది. పుల్లీ చెయిన్ పెద్ద మిషను వైర్‌కి రాసుకుంటుంది, వైరు పై పొర కొద్దిగా గీరుకుపోయింది. వైరు మార్చి, దానికి పీవీసీ పైపు తొడిగి పక్క గోడకి జరిపా.

ఇప్పుడున్న పరిస్థితి

మూడు మిషన్లు పూర్తిగా పనిలో ఉన్నాయి. పీకో మాత్రం రీవైండింగ్ తర్వాత కూడా గంట తిరిగితే వేడెక్కుతుంది, బేరింగ్ బుష్ అరిగి ఉంటదని నా అనుమానం, వచ్చే ఆదివారం విప్పుతా. విశ్వకర్మ లోన్ కంతులు తప్పకుండా పోతున్నాయి. బట్టల బాకీ కాగితం మీద ఇంకో ఇద్దరి పేర్లు మిగిలాయి, ఇద్దరూ కుట్టు కిందే తీర్చమన్నారు, ఒకరివి సంక్రాంతి జాకెట్లు, ఇంకొకరు అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అడిగారు. కార్తీకం పెళ్లిళ్ల పని నడుస్తా ఉంది, చేతులు చాలట్లేదని సందులోనే ఉండే ఒకమ్మాయిని హెమ్మింగ్‌కీ కాజాలకీ పెట్టుకుంది, ఆమెది కూడా వరదలో ఇల్లు పోయిన కుటుంబమే. ఆ అమ్మాయి జీతంలోంచి నెలకి కొంత పక్కన పెట్టి తొక్కుడు మిషను కొనుక్కుంటానంటే పిన్ని తాత దగ్గరికి తీసుకెళ్లింది, పాతదొకటి మంచిది చూసి పెట్టమని, బిల్లు అమ్మాయి పేరు మీదే రాయమని.